అప్పన్న కొండ దిగే రోజులు: సింహాచలం పండుగల లెక్క

సింహాచలం గురించి బయటివాళ్లకు తెలిసింది చాలావరకు ఒక్క రోజు ముచ్చటే. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచిన వరాహ లక్ష్మీనృసింహస్వామిని, జనం పిలుచుకునే పేరుతో అప్పన్నను, చూడొచ్చు. మిగతా ఏడాదంతా ఆయన చందనం కప్పుకుని లింగాకారంలో ఉంటాడు. మాట నిజమే గానీ సగమే నిజం. గుడి పంచాంగంలో అసలు పని ఆ రోజుతోనే మొదలవుతుంది. పైగా ఇక్కడి ఉత్సవాల్లో ముఖ్యమైనవి చాలామటుకు స్వామి కొండ దిగి వచ్చేవి, కాకుంటే కొండ కింది జనానికి ఏదో ఒక పాత్ర ఉన్నవి. కొండను ఒక్కదాన్నే చూసి, కిందున్న అడవివరాన్ని, ఒడ్డునున్న జాలరుల్ని వదిలేస్తే ఈ ఊరి పండుగలు అర్థం కావు.

ముందు చందనం లెక్క. స్వామికి ఏడాదికి సమర్పించేది మొత్తం 12 మణుగులు, విడతకు 3 మణుగుల చొప్పున నాలుగు విడతలు. దేవస్థానం లెక్కలో 3 మణుగులంటే 125 కిలోలు, కాబట్టి మొత్తం 500 కిలోలు. మొదటి విడత అక్షయ తృతీయ రాత్రి, రెండోది వైశాఖ పౌర్ణమికి, మూడోది జ్యేష్ఠ పౌర్ణమికి, నాలుగోది ఆషాఢ పౌర్ణమికి. మొదటికీ రెండోదానికీ మధ్య పన్నెండు రోజులే, ఆ తర్వాత నెలకొకటి. 2025లో ఏప్రిల్ 30న మొదలైన సమర్పణ జూలై 10న ముగిసింది, అంటే 71 రోజులు. మధ్యలో అధిక మాసం పడితే ఇంకో నెల సాగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం అలాంటిదే. నాలుగు విడతలూ పూర్తయ్యాకే స్వామికి పూర్తి చందనరూపం వస్తుంది. వైశాఖంలో వెళ్లినవాళ్లూ, కార్తీకంలో వెళ్లినవాళ్లూ చూసే రూపం ఒకటి కాదన్న సంగతి భక్తుల్లోనే చాలామందికి తెలియదు.

ఇంత చందనం ఒక్కరాత్రిలో తయారయ్యేది కాదు. చైత్ర బహుళ పక్షం చివర్లో, పండుగకు వారం ముందు, అర్చకులు పూజ చేసి తొలి చెక్కను సానపై అరగదీస్తారు. అక్కణ్ణుంచి బేడా మండపంలో వరసగా వేసిన సానరాళ్ల ముందు దేవస్థానం సిబ్బంది కూర్చుని రోజంతా అదే పని మీద ఉంటారు. చెక్కల్లో పేరున్నది జాజిపోకల చందనం. ఎక్కువగా తమిళనాడు నుంచి తెప్పిస్తారు. చందనంలో వాసనంతా చేవలో ఉంటుంది. పైపొర తెల్లచెక్కలో నూనె ఉండదు కాబట్టి అది కలిస్తే బరువు పెరుగుతుంది గానీ పరిమళం పెరగదు. అరగదీతలో నీళ్లు ఎక్కువైతే ముద్ద జారుతుంది, ఆరేటప్పుడు బీటలిస్తుంది. నీళ్లు తక్కువైతే పలుకుగా మిగిలి పూత నునుపు తేలదు. రోజు ముగిశాక తీసిన ముద్దను తూకం వేసి భాండాగారంలో పెడతారు. విడతకు కావలసిన 125 కిలోలు సమకూరాక సుగంధ ద్రవ్యాలు కలిపి సమర్పణకు సిద్ధం చేస్తారు. రెండో విడతకు ఉన్న వ్యవధి పన్నెండు రోజులే కనుక మొదటి విడత కాగానే సానరాళ్లు మళ్లీ తిరగాలి.

ఇక ఒలుపు. తదియ ముందు రాత్రి ఒంటిగంట దాటాక సుప్రభాతంతో మొదలుపెట్టి, అర్చకులు వెండి బొరిగెలతో చందనాన్ని మెల్లగా తీస్తారు. రాతి మూర్తికి గీత పడకూడదు, పొర ముక్కలుగా కింద రాలకూడదు. అందుకే ఇనప పనిముట్టు దగ్గరకు రానివ్వరు. పూర్తిగా ఒలిచాక శిరస్సు మీద, వక్షస్థలం మీద చందనపు ముద్ద మాత్రం ఉంచుతారు. అప్పుడు కనిపించేదే నిజరూపం: వరాహ ముఖం, మానవ దేహం, సింహపు తోక, రెండు చేతులు, త్రిభంగిలో, అంటే మూడు వంపులతో నిలిచిన భంగిమ. తొలి దర్శనం అనువంశిక ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వారిది. తర్వాత తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా జనానికి. రాత్రి కొండ మీది గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం, అంటే 1008 కలశాలు. అది ముగిశాక మొదటి విడత చందనం. తీసిన పాత చందనం వృథా పోదు, భక్తులకు ప్రసాదంగా పంచుతారు. ఉత్తరాంధ్ర ఇళ్లలో దేవుడి గూట్లో చిన్న పొట్లంగా కనిపించేది అదే.

ఈ పద్ధతికి క్షేత్ర పురాణం చెప్పే కారణం పురూరవుడి కథ. ఊర్వశితో కలిసి వచ్చిన ఆ రాజుకు పుట్టలో కప్పబడిపోయిన మూర్తి దొరికిందనీ, పుట్టమన్ను తొలగించినందుకు బదులుగా అంతే చందనం ఏటా పూయమని ఆదేశం వచ్చిందనీ చెబుతారు. 12 మణుగుల లెక్కకు మూలం ఆ మన్ను బరువే. రామానుజులు ఈ చందనాన్ని ఒలిపించబోగా రక్తం కారిందనీ, మళ్లీ పూయించారనీ ఇంకో కథ ఉంది. చరిత్రగా తీసుకోనక్కర్లేదు గానీ, చూపుకు లింగంలా కనిపించే మూర్తికి వైష్ణవుల పాంచరాత్ర ఆగమం ప్రకారం, ఆళ్వార్ల ద్రావిడ ప్రబంధ పారాయణంతో పూజ సాగే గుడిలో ఈ కథ ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు.

పన్నెండు పద్నాలుగు గంటల్లో లక్షమంది చూడాలనుకునే దర్శనానికి కొండ మీద చోటు చాలదు. ఇబ్బందులన్నీ అక్కణ్ణుంచే. సొంత వాహనాలను కిందే ఆపేసి, ఘాట్ రోడ్డు మీద బస్సులే నడుపుతారు. బస్సు దిగినచోటి నుంచి గుడి దాకా క్యూలు వాలుమీద మెలికలు తిరుగుతాయి. వాలు మీద క్యూ వేయాలంటే మన్ను తవ్వి చదును చేయాలి, తవ్వినచోట గోడ కట్టాలి. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున భారీ వాన పడి, 300 రూపాయల టికెట్ల క్యూ పక్కన కొత్తగా లేపిన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. పండుగ గడువు ముంచుకొస్తుంటే హడావిడిగా కట్టిన గోడ అది. పునాది లోతు లేని గోడ వెనక మన్ను నానితే బరువు రెండింతలు తోస్తుంది. నీరు బయటికి పోయే రంధ్రాలు గోడలో ఉంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది, లేకపోతే నీరంతా గోడ మీదే పడుతుంది. పైగా అక్షయ తృతీయ వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. విశాఖలో ఈదురుగాలులతో అకాల వానలు పడేది సరిగ్గా అప్పుడే. కొండ మీద తాత్కాలికం అనే పేరుతో ఏం కట్టినా ఈ వానను లెక్కలో పెట్టుకునే కట్టాలి.

పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకువెళ్లేవాళ్లు ఆ రోజు మానుకుని మిగిలిన మూడు విడతల్లో ఏదో ఒకదాని మర్నాడు వెళితే కొత్త చందనం పరిమళం గర్భాలయం దాటి ముఖమండపం దాకా ఉంటుంది. ఆషాఢ పౌర్ణమి విడత మాత్రం వేరే సంగతి. దాని ముందు రోజే గిరి ప్రదక్షిణ.

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం అడవివరంలోని తొలిపావంచా, అంటే కొండ మెట్లదారిలో మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. పుష్పరథం కదలడంతో లాంఛనంగా ప్రారంభమైనట్టు. కొండల వరస మొత్తాన్ని కుడివైపుగా చుట్టి మళ్లీ అక్కడికే రావాలి, మొత్తం 32 కిలోమీటర్లు. ముడసర్లోవ మీదుగా హనుమంతవాక, అక్కణ్ణుంచి అప్పూఘర్ వైపు దిగి జోడుగుళ్లపాలెం దగ్గర సముద్ర స్నానం, తర్వాత ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల కూడలి, తొలిపావంచా. ఒకప్పుడు కొండ చుట్టూ పల్లెలూ తోటలూ ఉన్న దారి ఇది. ఇప్పుడు సగానికి పైగా నగరపు ప్రధాన రహదారులే. కొండను చుడుతున్నామన్న స్పృహ ముడసర్లోవ దగ్గరా మాధవధార దగ్గరా మాత్రమే కలుగుతుంది. మిగతా దారంతా అపార్టుమెంట్ల మధ్యే.

గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 8 గంటలు. ఆగుతూ, స్నానం చేస్తూ, గుంపులో మెల్లగా కదిలితే 10 నుంచి 12 గంటలు పడుతుంది. కష్టపడేవాళ్లు మూడు నాలుగు చోట్ల కష్టపడతారు. మొదటిది బయలుదేరే చోటే. వేల కాయలు పగిలిన నేల మీద చిప్పల పెంకులు చెప్పుల్లేని కాళ్లకు గుచ్చుకుంటాయి, కొబ్బరినీళ్లకు రోడ్డు జారుతుంది. ఆ గుంపులో కాయ కొట్టాలనే పట్టుదల లేకపోతే పక్కకు తప్పుకుని నడవడం మేలు. రెండోది ఎండ. జూలైలో మబ్బు పట్టకపోతే మధ్యాహ్నం రెండింటికి తారు కాలుతుంది. అరికాళ్లు మొదటి గంటలోనే కమిలితే మిగతా రాత్రంతా బొబ్బల మీద నడవాలి, అందుకే అలవాటున్నవాళ్లు నాలుగు దాటాక బయలుదేరతారు. మేజోళ్లు వేసుకునేవాళ్లు తడిసినప్పుడు విప్పేయాలి, తడి మేజోడు ఒట్టి కాలికంటే త్వరగా బొబ్బ లేపుతుంది.

మూడోది సముద్రం. విశాఖ ఒడ్డు చాలాచోట్ల నాలుగడుగులకే లోతు దిగిపోతుంది, నైరుతి రుతుపవన కాలంలో కెరటం వెనక్కి లాగే బలం ఎక్కువ. చీకటిపడ్డాక మునక వేయడం కంటే ఒడ్డున కూర్చుని చెంబుతోనో దోసిలితోనో నీళ్లు పోసుకుంటే స్నానం అయినట్టే. ఉప్పునీటి బట్టలతో మరో ఇరవై కిలోమీటర్లు నడిస్తే తొడలు ఒరుసుకుని మండుతాయి కాబట్టి ఒక జత పొడిబట్టలు సంచిలో ఉండాల్సిందే. నాలుగోది తిండి. దారిపొడవునా కాలనీ సంఘాలవాళ్లు, కుర్రాళ్లు పులిహోర, దద్దోజనం, మజ్జిగ, పళ్లు, టీ చేతిలో పెడుతూనే ఉంటారు. వద్దనడం మర్యాద కాదనుకుని ప్రతిచోటా తింటే సీతమ్మధార చేరేసరికి కడుపు తిరుగుతుంది. మజ్జిగలో ఉప్పు ఉంటుంది కనుక అది తీసుకుని పులిహోర రెండు మూడు చోట్లతో ఆపేస్తే నడక సాగుతుంది. మధుమేహం ఉన్నవాళ్లకు ఇది తలకిందులు: తిండి మానడమే ప్రమాదం, కాలికి ఏ చిన్న గాయమైనా నడక ఆపేయడమే మందు.

చుట్టు పూర్తయ్యాక దర్శనానికి మళ్లీ వెయ్యికి పైగా మెట్లు ఎక్కాలన్న సంగతి చాలామంది తొలిపావంచా చేరాక గుర్తు చేసుకుంటారు. ఓపిక లేకపోతే పాదాల దగ్గరే మొక్కి వెళ్లిపోయినా లోటేమీ లేదు. 32 కిలోమీటర్లు నడవలేనివాళ్లు కొండమీద గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే ఆనవాయితీ కూడా ఉంది.

చరిత్ర వైపు వస్తే, సింహాచలం గోడలూ స్తంభాలూ ఒక పద్దుపుస్తకం. రెండువందలకు మించిన శాసనాల్లో ఎక్కువ భాగం ఎవరు ఏమిచ్చారు, దానికి బదులు గుడి ఏం చేయాలి అన్నవే. తెలిసినవాటిలో పాతది 1098–99 నాటిది, కులోత్తుంగ చోళుని కాలపుది. 12వ శతాబ్దిలో వెలనాటి గొంకరాజు రాణి మూర్తికి బంగారు తొడుగు చేయించింది. ఇప్పుడు కనిపించే గుడి రూపం మాత్రం తూర్పు గాంగుల చలవ. 1267–68 నాటి శాసనం ప్రకారం ప్రధానాలయం, ముఖమండపం, నాట్యమండపం, చుట్టు మండపాలు నల్లరాతితో కట్టించినవాడు మొదటి నరసింహదేవుడు. కోణార్క సూర్యాలయం కట్టించిందీ ఆయనే. అది తెలిసి చూస్తే ఇక్కడి రాతి చక్రాల రథం, గుర్రాలు కొత్త అర్థంతో కనిపిస్తాయి. ఉత్తరాన ఉన్న మండపంలో 96 స్తంభాలు, స్వామి కల్యాణం జరిగేది అక్కడే. గుడి పడమటి ముఖంగా ఉండడం ఇంకో విశేషం. ముఖమండపంలోని కప్పస్తంభాన్ని సంతానం కోసం కౌగిలించుకునేవాళ్ల వరస ఎప్పుడూ ఉంటుంది. దాని అడుగున సంతాన వేణుగోపాల యంత్రం ఉందన్న నమ్మకం.

ఆ కాలంలోనే కళింగంలో పెత్తనం చేసిన మధ్వ యతి నరహరితీర్థుల శాసనాలు ఇక్కడా శ్రీకూర్మంలోనూ ఉన్నాయి. ఈ స్వామి మీద తెలుగులో తొలి వచనాలు పలికిన కృష్ణమాచార్యుడు కూడా ఈ కొండవాడే. కళింగ దండయాత్రలో 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 991 ముత్యాల కంఠమాల, ఇతర ఆభరణాలు సమర్పించినట్టు శాసనం చెబుతోంది. గెలిచిన రాజు ఓడిన రాజుల గుడికి కానుక పెట్టడంలో భక్తి ఎంతో రాజకీయం అంత. 1519లో ఇంకోసారి వచ్చాడు. గోడలు చూడాలనుకునేవాళ్లు పండుగలు లేని రోజు, మధ్యాహ్నం దాటాక ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లాలి. నల్లరాతి మీద అక్షరాలు నేరుగా పడే వెలుతురులో కనబడవు.

పెళ్లి పండుగల వరస దగ్గర కొండకీ కిందికీ ఉన్న సంబంధం తేటగా తెలుస్తుంది. ఫాల్గుణ పౌర్ణమికి స్వామి కొండ దిగి తన సోదరి పైడితల్లి గుడికి పిల్లను అడగడానికి వెళతాడు. ఆ రోజే డోలోత్సవం, వసంతాలు చల్లుకోవడం. మేనరికం అడగడం ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లోనైనా జరిగే మాటే, దేవుడికీ అదే మర్యాద. పిల్ల కుదిరాక ఉగాది నాడు పెళ్లిరాట వేస్తారు. చైత్ర శుద్ధ ఏకాదశి రాత్రి రథోత్సవం, కల్యాణం. ఆ రథాన్ని నడిపించే హక్కు జాలరులది. సముద్రం ఒడ్డున ఉండే వాళ్లకు కొండ మీది రథం మీద హక్కు ఎందుకొచ్చిందంటే, వాళ్లు తమను స్వామికి బంధువులుగా చెప్పుకుంటారు. తర్వాతి రోజుల్లో దొంగల దోపు, పౌర్ణమి దాకా వేడుకలు, చివర్లో వినోదోత్సవం. స్వామి ఉంగరం పోయిందని, ఎవరు తీశారని భక్తులను నిలదీసి నవ్వించే ఈ ఘట్టానికి జనం తక్కువ, సరదా ఎక్కువ. కల్యాణానికి వచ్చి చివరిదాకా ఉండగలిగినవాళ్లు దీన్ని వదులుకోకూడదు. ఈ వేడుకలు ముగిసిన పదిరోజుల్లోనే చందనం అరగదీత మొదలవుతుంది కాబట్టి సిబ్బందికి ఊపిరి సలపని కాలం ఇది.

చలికాలం ఉత్సవాలు చిన్నవి గానీ చూడ్డానికి హాయిగా ఉంటాయి. కనుమ నాడు స్వామి దిగువనున్న పూలతోటకు వస్తాడు. మొసలి, ఏనుగు కథను ఆడి చూపే మకరవేట అక్కడ జరుగుతుంది. ఈ కొండ సంపెంగలు పేరుపడ్డవి, వాలుల మీద పనస, అనాస కూడా పండుతాయి. తోటకు రావడం ఆ పంటకూ స్వామికీ ఉన్న లంకె. పుష్య బహుళ అమావాస్యకు అడవివరంలోని వరాహ పుష్కరిణిలో తెప్పోత్సవం. కొండ మీద గంగధార, మరోవైపు మాధవధార. కొండ పగుళ్లలో ఇంకిన వాననీరే ధారలై దిగుతుంది. పైన రాళ్లు తవ్వి, చెట్లు కొట్టేస్తే ముందు తగ్గేది ఈ ధారల నీరే. అమావాస్యల్లో అడవివరం దగ్గరున్న భైరవవాకలో భైరవస్వామికి వేరే రద్దీ. కొండ మీద క్షేత్రపాలకుడు త్రిపురాంతకస్వామి గుడి ఉన్నా పెద్దగా ఎవరూ ఆగరు, పాపం.

కోడెదూడను ఇచ్చే మొక్కు ఇంకొకటుంది. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం అని ఇంటింటా పేర్లున్న ప్రాంతంలో, పశువు ఈనితే తొలి కోడె అప్పన్నది అనుకోవడం పాత అలవాటు. దున్నే ఎద్దులకు గిరాకీ ఉన్న రోజుల్లో అది విలువైన కానుక. ట్రాక్టర్లు వచ్చాక రైతుకు భారమైన దూడలు కూడా మొక్కు పేరుతో గోశాలకు చేరుతున్నాయి. పాలు మరవని దూడను తల్లి నుంచి వేరుచేసి ఆటోలో తెస్తే అది బతకడం కష్టం. మేత మేసే వయసు వచ్చాక ఇచ్చినా మొక్కు తీరుతుంది.

పల్లకి ఊరేగే ఈ దిగువ వీధుల్లోనే పంచగ్రామాల సమస్య కూడా ఉంది. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం గ్రామాల్లో ఇళ్లున్న స్థలాలు దేవస్థానానివని ఒక వాదన, తరతరాలుగా మావేనని ఇంకో వాదన. దశాబ్దాలుగా నలుగుతూ కోర్టుల్లో ఉన్న తగువు ఇది. క్రమబద్ధీకరణకు ప్రభుత్వాలు ప్రయత్నించిన ప్రతిసారీ దేవుడి భూమిని ఎవరు, ఏ ధరకు, ఎవరి అనుమతితో ఇవ్వగలరన్న చోట వ్యవహారం ఆగిపోతోంది. ఈలోగా ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకు రుణం తేవాలన్నా, కూలిన గోడ కట్టుకోవాలన్నా అక్కడివాళ్లకు చిక్కే. ఆ ఊళ్లలో స్థలం కొనాలనుకునేవాళ్లు ముందు సర్వే నంబరు రాసుకుని, అది వివాదంలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ దేవస్థానం భూముల విభాగంలోనూ రెండుచోట్లా అడిగి తెలుసుకోవాలి. ఒకచోట అడిగి ఊరుకుంటే చాలదు.